ఉన్న పనిముట్టుతో కొలవడం: ఆసిలోస్కోపుగా సౌండ్ కార్డు

విద్యుత్తు కంటికి కనిపించదు కనుక, చదువు కోసమైనా జీవనోపాధి కోసమైనా దానితో పనిచేసేవారు దాని నడకను ఏదో ఒక పరికరం ద్వారానే తెలుసుకోవలసి ఉంటుంది. మల్టీమీటరు వోల్టేజీని ఒక్క అంకెలో చెబుతుంది. ఆ వోల్టేజీ సెకనులో యాభయ్యో వంతు కాలంలో ఎలా పెరిగిందో, ఎలా తగ్గిందో, ఎక్కడ విరిగిందో మాత్రం చెప్పదు. కాలాన్ని అడ్డంగాను, వోల్టేజీని నిలువుగాను తీసుకుని ఆ మార్పును తెరమీద గీతగా గీసి చూపే పరికరం ఆసిలోస్కోపు. 1897లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కాథోడ్ కిరణ గొట్టంతో దీనికి బీజం వేసిన నాటి నుంచి నేటి వరకు, ఎలక్ట్రానిక్స్ నేర్చినవాడికీ నేర్వనివాడికీ మధ్య తేడా చాలా వరకు ఈ గీతను చదవగలగడంలోనే ఉంది. అయితే మంచి ఆసిలోస్కోపు ధర వేల రూపాయల్లో ఉంటుంది, అది దొరికే ప్రయోగశాల అందరికీ దగ్గరలో ఉండదు.

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ అటువంటి ఊరు. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురానికి అండమాన్ ట్రంక్ రోడ్డు మీద సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరికి, రాజధానిలో దొరకని విడిభాగం ఏదైనా చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడ ఎక్కి రావలసిందే. అక్కడ ఇన్వర్టర్లు బాగుచేసే యువకుడైనా, సైన్సు చదివే విద్యార్థి అయినా, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి దీవులకు వెళ్లి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాల్లో పడవల వైరింగు పని చేపట్టినవారైనా, ఆసిలోస్కోపు చేతికి వచ్చేదాకా నేర్చుకోవడాన్ని వాయిదా వేయనక్కరలేదు. పాత ల్యాప్‌టాప్‌లోని సౌండ్ కార్డు ఆ పనిలో చెప్పుకోదగ్గ భాగాన్ని చేయగలదు. ఏ భాగాన్ని చేయగలదో, ఏ భాగాన్ని చేయలేదో స్పష్టంగా తెలుసుకుని వాడుకునేవారికే అది పరికరం అవుతుంది. తెలుసుకోకుండా వాడేవారికి అదే తెర అబద్ధం చెబుతుంది.

సౌండ్ కార్డు అనేది మైక్రోఫోను నుంచి వచ్చే వోల్టేజీని అంకెలుగాను, అంకెలను తిరిగి స్పీకరుకు పంపే వోల్టేజీగాను మార్చే భాగం. నేటి కంప్యూటర్లలో ఇది విడి కార్డుగా కాక మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌గా ఉంటుంది, అయినా పాత పేరే నిలిచింది. లోపలికి వచ్చే వోల్టేజీని అది క్రమమైన విరామాల్లో కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా రాసుకుంటుంది. ఇలా తీసిన ఒక్కొక్క కొలతను నమూనా అంటారు. సాధారణ కార్డులు సెకనుకు 44,100 లేదా 48,000 నమూనాలు తీస్తాయి, మెరుగైనవి 96,000 గాని 1,92,000 గాని తీయగలవు. ప్రతి నమూనాను 16 బిట్లలో, అంటే 65,536 మెట్లలో ఒకదానిగా రాస్తాయి. మామూలు డిజిటల్ ఆసిలోస్కోపుల్లో చాలావాటికి 8 బిట్లు, అంటే 256 మెట్లు మాత్రమే ఉంటాయన్నది ఇక్కడ గుర్తుంచుకోదగ్గ విషయం. వేగంలో వెనకబడిన సౌండ్ కార్డు సూక్ష్మతలో వాటిని మించుతుంది, కనుక దీన్ని పేదవాడి ప్రత్యామ్నాయంగా మాత్రమే చూడడం న్యాయం కాదు.

వేగం సంగతి మరికొంత వివరంగా చూడవలసి ఉంది. ఒక తరంగం సెకనుకు ఎన్నిసార్లు పునరావృతమవుతుందో దాన్ని పౌనఃపున్యం అంటారు, దాని ప్రమాణం హెర్ట్జ్. హ్యారీ నైక్విస్ట్ 1928లో చేసిన పరిశీలనను ఆధారం చేసుకుని క్లాడ్ షానన్ 1949లో స్థిరపరచిన సూత్రం ప్రకారం, ఒక తరంగాన్ని పోల్చుకోవాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ వేగంతో నమూనాలు తీయాలి. అలా తీయకపోతే తరంగం మాయం కాదు, మరో వేషంలో కనిపిస్తుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. డిగ్లీపూర్ సమీపంలోని ఏరియల్ బే జెట్టీ దగ్గర సముద్రానికి రోజుకు సుమారు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. కానీ ఎవరైనా ప్రతిరోజూ ఉదయం ఆరు గంటలకు మాత్రమే వెళ్లి నీటిమట్టాన్ని గుర్తు పెట్టుకుంటే, ఆ గుర్తులన్నీ కలిపి గీసిన గీతలో సముద్రం దాదాపు పదిహేను రోజులకొకసారి మాత్రమే నెమ్మదిగా పొంగి తగ్గుతున్నట్లు కనిపిస్తుంది. 38 కిలోహెర్ట్జ్ తరంగాన్ని సెకనుకు 48,000 నమూనాలతో కొలిస్తే అది 10 కిలోహెర్ట్జ్ తరంగంగా కనబడడానికి కారణం కూడా ఇదే. ఈ మోసాన్ని అడ్డుకోవడానికే కార్డు తయారీదారులు నమూనా వేగంలో సగానికి పైబడిన పౌనఃపున్యాలను ముందే కత్తిరించే వడపోతను లోపల అమర్చుతారు. కనుక 48,000 వేగపు కార్డుతో ఆచరణలో సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకు, తరంగం ఆకారం కూడా నమ్మదగినట్లు కనిపించాలంటే రెండు మూడు కిలోహెర్ట్జ్ వరకు మాత్రమే చూడవచ్చు.

రెండో పరిమితి కింది వైపున ఉంది. లోపలికి వచ్చే దారిలో దాదాపు ప్రతి సౌండ్ కార్డుకూ ఒక కెపాసిటరు ఉంటుంది. అది మారే వోల్టేజీని పోనిచ్చి, మారకుండా నిలకడగా ఉండే డీసీ వోల్టేజీని ఆపేస్తుంది. ఈ కారణంగా బ్యాటరీ వోల్టేజీని సౌండ్ కార్డుతో కొలవడం సాధ్యం కాదు, నెమ్మదిగా మారే సంకేతాలు కూడా క్షీణించిపోతాయి. 2002 సెప్టెంబరులో 6.5 తీవ్రతతో భూకంపం వచ్చిన ప్రాంతం కనుక డిగ్లీపూర్‌లో సౌండ్ కార్డుకు ఒక సెన్సారును తగిలించి భూమి కదలికలను నమోదు చేయాలన్న ఉత్సాహం కలగడం సహజమే. కానీ ఆ కదలికల్లో ముఖ్యమైనవి సెకనుకు పదిసార్లకు లోపే ఊగుతాయి కనుక నేరుగా తగిలించిన కార్డు వాటిలో అధిక భాగాన్ని చూడనే చూడదు. పై వైపున, చేపల గుంపులను గుర్తించడానికి పడవల్లో వాడే ఎకో సౌండర్లు సాధారణంగా 50, 200 కిలోహెర్ట్జ్‌ల వద్ద పనిచేస్తాయి కనుక అవి కూడా మామూలు కార్డుకు అందవు.

ఇక భద్రత. మైక్రోఫోను ప్రవేశమార్గం కొన్ని మిల్లీవోల్టులకు, లైన్ ఇన్ అనే ప్రవేశమార్గం సుమారు ఒక వోల్టుకు తయారైనవి. ఇంటి గోడలోని 230 వోల్టుల కరెంటు శిఖరం వద్ద 325 వోల్టులకు చేరుతుంది. గోడ కరెంటును ఏ రెసిస్టరు గుండా అయినా సరే సౌండ్ కార్డుకు తగిలించకూడదు. రెసిస్టరు ఒకవేళ నిలిచినా కంప్యూటరు లోహపు భాగాలన్నీ లైనుతో కలిసిపోతాయి, అప్పుడు పోయేది కార్డు కాదు, మనిషి ప్రాణం. ఈ నియమానికి మినహాయింపు లేదు.

ల్యాప్‌టాప్‌లలో నేడు ఎక్కువగా కనిపించే, హెడ్‌ఫోనూ మైకూ కలిసిన ఒకే రంధ్రం ఈ పనికి అంత అనుకూలం కాదు. అది ఒక్క ఛానలును మాత్రమే తీసుకుంటుంది, మైకును నడపడానికి కొద్దిపాటి డీసీని తానే బయటికి పంపుతుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ సౌండ్ అడాప్టరును విడిగా కొనుక్కోవడం మేలు, ఎందుకంటే పొరపాటు జరిగితే కాలిపోయేది చాలావరకు ఆ అడాప్టరే. వాటిలో చాలావాటికి మైకు రంధ్రమే ఉంటుంది కనుక, రెండు సంకేతాలను పక్కపక్కన పోల్చి చూడాలనుకునేవారు లైన్ ఇన్ ఉన్నదాన్ని వెతికి తీసుకోవాలి. ప్రయోగం జరుగుతున్నంతసేపు ల్యాప్‌టాప్ ఛార్జరును తీసేసి బ్యాటరీ మీదనే నడపడం అలవాటు చేసుకోవాలి. దీనివల్ల రక్షణ పెరగడమే కాక, ఛార్జరు నుంచి వచ్చే రొద కూడా తెరమీద తగ్గుతుంది.

సంకేతాన్ని కార్డుకు తగినంతగా తగ్గించే చిన్న అమరికను వోల్టేజీ విభాజకం అంటారు. వచ్చే తీగకు వరుసలో 1,00,000 ఓముల రెసిస్టరును, దాని తరువాత గ్రౌండుకు అడ్డంగా 1,000 ఓముల రెసిస్టరును కలిపి, ఈ రెండో రెసిస్టరు మీది వోల్టేజీని కార్డుకు ఇస్తే సంకేతం దాదాపు నూరో వంతుకు తగ్గుతుంది. ఆ చిన్న రెసిస్టరుకు సమాంతరంగా రెండు 1ఎన్4148 డయోడ్లను ఒకదానికొకటి ఎదురు దిశల్లో కలిపితే, పొరపాటున ఎక్కువ వోల్టేజీ వచ్చినా అవి సుమారు 0.6 వోల్టుల దగ్గర దాన్ని పట్టి ఆపుతాయి. అయితే ఆ డయోడ్లు మంచి సంకేతాన్ని కూడా అక్కడే కత్తిరిస్తాయి కనుక, కార్డు దగ్గర కొలిచే సంకేతం అర వోల్టుకు మించకుండా చూసుకోవాలి. తరంగం తల చదునుగా నరికినట్లు కనిపిస్తే తప్పు మూలంలో ఉందని తీర్మానించే ముందు ఈ డయోడ్లనూ, కార్డు సామర్థ్యపు హద్దునూ అనుమానించాలి.

తెర వైపు పనికి వెతుక్కోవలసినది ఎక్కువ లేదు. జర్మనీకి చెందిన క్రిస్టియన్ జైట్‌నిట్స్ రూపొందించిన సౌండ్‌కార్డ్ స్కోప్ విండోస్‌లో అసలు ఆసిలోస్కోపు ముఖాన్నే చూపుతుంది. లినక్స్‌లో ఎక్స్‌ఆసిలోస్కోప్ ఉంది. నమోదు చేసుకుని తరువాత తీరికగా పరిశీలించేవారికి ఆడాసిటీ చాలు. ఇంటర్నెట్ నిలకడగా లేని చోట ఉండేవారు వీటిని ఒకసారి దింపుకుని దాచుకుంటే ఆ తరువాత వాటికి నెట్‌తో పని ఉండదు. ప్రారంభానికి ముందు కంప్యూటరు సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్లి శబ్దాన్ని శుభ్రపరిచే సదుపాయాలన్నిటినీ, మైక్ బూస్టును, ధ్వని స్థాయిని తనంతట తానే సరిచేసే సదుపాయాన్ని ఆపివేయడం తప్పనిసరి. మనిషి గొంతును వినసొంపుగా చేయడానికి ఉద్దేశించిన ఆ సదుపాయాలు కొలతకు శత్రువులు. ఎడతెగకుండా వచ్చే 50 హెర్ట్జ్ తరంగాన్ని అవి అనవసరపు రొదగా భావించి తుడిచివేయగలవు.

తెరమీద కనిపించే ఎత్తుకు వోల్టుల్లో విలువ కట్టడాన్ని క్రమాంకనం అంటారు. ఇందుకు మొబైల్ ఫోనులో స్వర జనకం అనదగిన చిన్న యాప్ నుంచి 50 హెర్ట్జ్ శుద్ధ తరంగాన్ని హెడ్‌ఫోను తీగ గుండా కార్డుకు పంపి, అదే సమయంలో ఆ తీగ మీది ఏసీ వోల్టేజీని మల్టీమీటరుతో కొలవాలి. చవక మల్టీమీటర్లు వేల హెర్ట్జ్‌ల దగ్గర తప్పు చూపవచ్చు గాని 50 హెర్ట్జ్ దగ్గర నమ్మదగినవే, అందుకే ఆ పౌనఃపున్యాన్ని ఎంచుకోవడం. మల్టీమీటరు చూపేది సగటు శక్తిని బట్టి లెక్కించిన ఆర్‌ఎంఎస్ విలువ కనుక దాన్ని 1.414తో హెచ్చిస్తే శిఖరపు విలువ వస్తుంది, తెరమీది శిఖరానికి ఆ విలువను కేటాయించాలి. బజారులో విరివిగా దొరికే పసుపుపచ్చ డీటీ-830 తరహా మీటర్లలో ఏసీకి 200, 750 వోల్టుల స్థానాలు మాత్రమే ఉంటాయి, అర వోల్టును అవి నమ్మదగినట్లు చదవలేవు. రెండు వోల్టుల ఏసీ స్థానం ఉన్న మీటరును ఎక్కడైనా అడిగి తెచ్చుకోవాలి. క్రమాంకనం చేసిన తరువాత శబ్ద స్థాయి మీటను ఒక్క గీత జరిపినా పని మొదటికి వస్తుంది, కనుక ఆ మీట ఏ అంకె దగ్గర ఉందో నోటుపుస్తకంలో రాసుకోవాలి.

ఎత్తును కొలవడంలో ఇంత జాగ్రత్త కోరే సౌండ్ కార్డు, కాలాన్ని కొలవడంలో మాత్రం ఏ క్రమాంకనమూ లేకుండానే ఉన్నత స్థాయి పరికరంగా పనిచేస్తుంది. దాని నమూనాల వేగాన్ని నడిపే స్ఫటికంలో దోషం సాధారణంగా పది లక్షలకు కొన్ని పదులకు మించదు. పది లక్షలకు యాభై అనుకున్నా, 50 హెర్ట్జ్ దగ్గర ఆ తేడా 0.0025 హెర్ట్జ్ మాత్రమే. డిగ్లీపూర్‌లో ఉన్నవారికి దీనివల్ల ఒక అరుదైన అవకాశం లభిస్తుంది. ప్రధాన భూభాగంలోని జాతీయ గ్రిడ్డు లక్షలాది మెగావాట్ల జనరేటర్లను ఒకే లయలో కట్టి ఉంచుతుంది, అక్కడ నియమావళి కోరే హద్దు 49.90 నుంచి 50.05 హెర్ట్జ్. అండమాన్ దీవులకు ఆ గ్రిడ్డుతో సంబంధం లేదు. అక్కడ డీజిలు జనరేటర్లు ప్రధానం. డిగ్లీపూర్ వద్ద కల్‌పాంగ్ నది మీద ఎన్‌హెచ్‌పీసీ నిర్మించగా 2001లో ప్రారంభమైన జలవిద్యుత్ కేంద్రంలో 1.75 మెగావాట్ల యంత్రాలు మూడు, మొత్తం 5.25 మెగావాట్లు. ఇంత చిన్న వ్యవస్థలో ఒక పెద్ద మోటారు మొదలైనా ఆగినా జనరేటర్ల వేగం మీద, అంటే పౌనఃపున్యం మీద ఆ ప్రభావం పడుతుంది, పెద్ద గ్రిడ్డులో అది కానరాదు.

దీన్ని చూడడానికి గోడ కరెంటును తాకనవసరం లేదు. ఎనామిల్ పూసిన సన్నని రాగి తీగను వంద రెండు వందల చుట్లు చుట్టి, దాని రెండు కొసలను కార్డుకు కలిపి, ఆ చుట్టను నడుస్తున్న ఫ్యాను రెగ్యులేటరుకో ట్రాన్స్‌ఫార్మరున్న పాత రేడియోకో పక్కన పెడితే చాలు. మారుతున్న అయస్కాంత క్షేత్రం తీగలో 50 హెర్ట్జ్ వోల్టేజీని పుట్టిస్తుంది. ఈ వోల్టేజీ చాలా చిన్నది కనుక ఇక్కడ విభాజకం అక్కరలేదు. ఆడాసిటీలో పది సెకన్లు నమోదు చేసి తరంగాలను లెక్కిస్తే 500 ఉండాలి, 497 ఉంటే పౌనఃపున్యం 49.7 హెర్ట్జ్ అని అర్థం. ఉదయం, మధ్యాహ్నం, దీపాలన్నీ వెలిగే సాయంత్రం ఇలా కొలిచి తేదీ, సమయంతో సహా రాస్తూ పోతే, ఊరి విద్యుత్తు నాడి కొన్ని వారాల్లో కాగితం మీద రూపు కడుతుంది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం: చుట్టలో పుట్టే వోల్టేజీ అయస్కాంత క్షేత్రపు పరిమాణాన్ని కాక అది మారే వేగాన్ని అనుసరిస్తుంది కనుక తరంగంలోని సన్నని వంకరలు ఉన్నవాటికంటె పెద్దవిగా కనిపిస్తాయి. చుట్ట చెప్పే లెక్కను నమ్మవచ్చు, ఆకారాన్ని నమ్మరాదు.

ఆకారం కావాలంటే, కవచం మూసి ఉన్న, తొమ్మిది వోల్టుల ఏసీని ఇచ్చే రెడీమేడ్ ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టరును తీసుకుని, దాని నుంచి వచ్చే తీగలను పైన చెప్పిన నూరో వంతు విభాజకం గుండా కార్డుకు ఇవ్వాలి. బరువు లేనప్పుడు అది పన్నెండు వోల్టుల వరకు ఇచ్చినా శిఖరం పదిహేడు దాటదు, విభాజకం తరువాత 0.17 వోల్టులే మిగులుతుంది. ఈ అమరికతో విద్యుత్ శాఖ ఇచ్చే కరెంటును, ఇంటి ఇన్వర్టరు ఇచ్చే కరెంటును ఒకదాని తరువాత ఒకటి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది: మొదటిది గుండ్రని అలగా వస్తుంది, చవక ఇన్వర్టరుది నిట్టనిలువు గోడలతో పెట్టెలా వస్తుంది. ఫ్యాను ఇన్వర్టరు మీద గుర్రుమనడానికి కారణం ఆ గోడల్లోనే ఉంది.

ఆ పెట్టె ఆకారాన్ని దగ్గరగా పెంచి చూసినప్పుడు రెండు వింతలు కనిపిస్తాయి. చదునుగా ఉండవలసిన పైకప్పు ఎడమ నుంచి కుడికి కొద్దిగా వాలి ఉంటుంది, గోడ పైకప్పును కలిసే చోట సన్నని అలల వంటి ముడతలు ఉంటాయి. వీటిలో ఇన్వర్టరు పాత్ర కొంత ఉండవచ్చు గాని ఎక్కువ భాగం కార్డుదే. చదునుగా నిలిచిన వోల్టేజీని లోపలి కెపాసిటరు నిలవనివ్వదు కనుక పైకప్పు వాలుతుంది. నిట్టనిలువు గోడలో ఇమిడి ఉన్న ఉన్నత పౌనఃపున్యాలను వడపోత కత్తిరించింది కనుక మూల దగ్గర ముడతలు పుడతాయి. 555 టైమరు చిప్‌ను బ్యాటరీతో నడిపి తయారుచేసిన చతురస్ర తరంగాన్ని కార్డుకు ఇచ్చి ఆ చిత్రాన్ని భద్రపరచుకుంటే, అది ఆ కార్డు సొంత సంతకంగా పనికివస్తుంది. ఇకమీద ఏ తరంగాన్ని చూసినా ముందు ఆ సంతకాన్ని తీసివేసి మిగిలినదాన్నే పరీక్షించవచ్చు. ఈ ఒక్క అభ్యాసం చేసినవారు లక్షల ఖరీదు చేసే పరికరం ముందు కూర్చున్నా దాన్ని గుడ్డిగా నమ్మరు.

టీవీ రిమోటును చదవడం మరో మంచి అభ్యాసం. రిమోటు పరారుణ కాంతిని 38 కిలోహెర్ట్జ్ దగ్గర మినుకుమనిపిస్తుంది, అది కార్డుకు అందదు. కానీ టీఎస్ఓపీ1738 అనే మూడు కాళ్ల రిసీవరు ఆ మినుకులను తొలగించి సందేశపు ఆకారాన్ని మాత్రమే బయటికి ఇస్తుంది. దానికి యూఎస్‌బీ నుంచి ఐదు వోల్టులు ఇచ్చి, విభాజకంలో చిన్న రెసిస్టరును 10,000 ఓములకు మార్చి చూస్తే, ఎన్‌ఈసీ పద్ధతిని వాడే రిమోట్లలో ముందుగా తొమ్మిది మిల్లీసెకన్ల గుర్తు, తరువాత నాలుగున్నర మిల్లీసెకన్ల విరామం, ఆపైన సున్నాకు 1.125, ఒకటికి 2.25 మిల్లీసెకన్ల చొప్పున అంకెలు వరుసగా కనిపిస్తాయి.

కార్డు హద్దుకు సరిగ్గా లోపలే ఉన్న మరో లోకం అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో. తమిళనాడులోని విజయనారాయణం వద్ద భారత నౌకాదళపు ప్రసార కేంద్రం 18.2 కిలోహెర్ట్జ్ వద్ద జలాంతర్గాముల కోసం ప్రసారం చేస్తుంది. అటువంటి రెండో కేంద్రానికి తెలంగాణలోని వికారాబాద్ జిల్లా దామగుండం వద్ద 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. ఇటువంటి కేంద్రాల సంకేత బలం సూర్యుడి మీది పేలుళ్లతో ఎలా మారుతుందో గమనించడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థుల కోసం రూపొందించిన సూపర్‌సిడ్ అనే అమరికలో కొలిచే పని సౌండ్ కార్డే చేస్తుంది. సందేశాన్ని విప్పడంతో దానికి సంబంధం లేదు, బలాన్ని గ్రాఫుగా గీయడమే దాని పని. బంగాళాఖాతం మీదుగా విజయనారాయణం కేంద్రం నుంచి డిగ్లీపూర్‌కు దూరం సుమారు 1,750 కిలోమీటర్లు.

ఔత్సాహికులు లైసెన్సుతో నడిపే హామ్ రేడియోలోనూ సౌండ్ కార్డుకు స్థిరమైన చోటు ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రసారాలు సాగిస్తుండగా 26వ తేదీన సునామీ వచ్చింది, మామూలు సమాచార మార్గాలు తెగిపోయిన సమయంలో ఆ రేడియోలు దీవుల క్షేమ సమాచారాన్ని బయటి ప్రపంచానికి చేర్చాయి. ఆ రేడియో లైసెన్సు పరీక్షకు సిద్ధమయ్యేవారు తమ మైకు నుంచి వెళ్లే సంకేతం హద్దు మీరి నరికివేతకు గురవుతోందా లేదా అని చూసుకోవడానికి ఇక్కడ చెప్పిన అమరికే సరిపోతుంది.

దీన్ని వాడకూడని పని ఒకటి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. మొబైల్ ఛార్జర్లు, ఎల్ఈడీ డ్రైవర్లు, టీవీల పవర్ సప్లై బోర్డుల లోపలి స్విచింగు పదుల కిలోహెర్ట్జ్‌లకు మించి జరుగుతుంది, పైగా ఆ భాగం గోడ కరెంటుతో నేరుగా కలిసి 325 వోల్టుల దగ్గర ఉంటుంది. అక్కడ సౌండ్ కార్డు గుడ్డిదీ, ప్రమాదకరమైనదీ కూడా. ఆ మెట్టుకు చేరినవారు డీసీని, ధన రుణ పదహారు వోల్టులను కొలవగల ఎక్స్‌పైస్ వంటి పరికరాన్ని, ముఖ్యంగా ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ విద్యార్థుల కోసమే రూపొందించింది కనుక, ముందుగా పరిశీలించవచ్చు. దానికీ గోడ కరెంటు నిషిద్ధమే. అసలు ఆసిలోస్కోపు ఉన్న ప్రయోగశాలకు, శ్రీ విజయపురంలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వంటి చోటికి వెళ్లే అవకాశం వస్తే, తొమ్మిది వోల్టుల అడాప్టరును, 555 టైమరు బోర్డును, విభాజకాన్ని, ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్లాలి. ఒకే సంకేతాన్ని రెండు తెరల మీద పక్కపక్కనే చూసి, 20, 50, 100, 1,000, 10,000 హెర్ట్జ్‌ల వద్ద ఎత్తుల తేడాను పట్టికగా రాసుకుని వస్తే, ఇంటికి తిరిగి వచ్చాక సౌండ్ కార్డు ఇచ్చే ప్రతి కొలతకూ ఆ పట్టిక నుంచి సవరణ వేసుకోవచ్చు.